ఆట, పాట, పత్రిక, ఓటు
(రేడియో ప్రసంగం)



"ఆడవాళ్ళకి రాజకీయాలెందుకమ్మా, సినిమా కబుర్లు చెప్పుకుంటే చాలదూ?" అనే మాట మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. ఆ మాట అనే పెద్దమనుషులకు తెలియని సంగతి ఒకటుంది. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో సినిమా కబురూ, రాజకీయం కబురూ విడివిడిగా ఎన్నడూ లేవు. మిరప కళ్లంలో కూర్చుని సినిమా సంగతి చెప్పుకుంటున్నామంటే, మనకు తెలియకుండానే రాజకీయం కూడా చెప్పుకుంటున్నామన్నమాట. అంచేత ఈ ఆటకీ, పాటకీ, పత్రికకీ, ఓటుకీ మధ్య మన గడ్డమీద నడిచిన చుట్టరికం ఎలాంటిదో, అందులో న్యాయం ఎక్కడుందో, అన్యాయం ఎక్కడ దూరిందో నాకు తోచిన మటుకు చెబుతాను. నా అభిప్రాయాలన్నీ మీరు ఒప్పుకోవాలని లేదు. ఒప్పుకోకపోతే మరీ మంచిది, ఆలోచిస్తున్నారన్నమాట.

ముందుగా ఒక లెక్క గుర్తుచేస్తాను. 1951 జనాభా లెక్కలనాటికి మన దేశంలో చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. ఆ మరుసటి ఏడు ముగిసిన మొదటి సాధారణ ఎన్నికల్లో అందరికీ ఓటు వచ్చింది. దేశం మొత్తంమీద ఇరవై లక్షల పైచిలుకు స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలోకి ఎక్కకుండా పోయాయట. కారణం యేమిటో తెలుసా? జాబితా రాసేవాడు వస్తే "ఫలానావారి భార్య", "ఫలానావాడి తల్లి" అనే చెప్పారు గాని, సొంత పేరు చెప్పలేదు. ముఖ్యంగా ఉత్తరాదిన జరిగిందిది. పేరు చెప్పుకోలేని మనిషి దగ్గరికి వార్త ఎలా వస్తుంది? పత్రిక కొట్టు దగ్గర మగవాళ్ళు చదువుకుంటే, అందులో వాళ్ళకు నచ్చిన ముక్క ఇంటికి వచ్చేది. కాని పాట అలా కాదు. బుర్రకథా, నాటకం, సినిమా, రేడియో, ఇవి ఎవరి నోటా చేతులు మారకుండా తిన్నగా మన చెవికే వచ్చాయి. అందుకే నేను వినోదాన్ని చిన్నచూపు చూడను. చదువు రాని కాలంలో మన అవ్వలకూ అమ్మలకూ అదే పత్రిక.

ఇక కథలోకి వస్తాను. 1939లో 'రైతుబిడ్డ' అనే సినిమా వచ్చింది. తీసినవారు గూడవల్లి రామబ్రహ్మం గారు. అంతకుముందు ఏడాదే 'మాలపిల్ల' తీసి అంటరానితనం మీద దెబ్బ కొట్టినవారు. ఆయన మొదట పత్రికా సంపాదకుడు. 'ప్రజామిత్ర' నడిపారు. పత్రికలో రాసినదానికన్నా తెరమీద చూపినది ఎక్కువమందికి చేరుతుందని గ్రహించిన మనిషి. 'రైతుబిడ్డ'లో బళ్ళారి రాఘవ గారు రైతు వేషం వేశారు. మన బాపట్ల దగ్గర అప్పికట్ల వాస్తవ్యులు కొసరాజు రాఘవయ్యచౌదరి గారు పాటలు రాశారు. సినిమాకు ఆయన రాయడం అదే మొదలు. కథలో ముఖ్యమైన ముడి ఏమిటనుకున్నారు? ఓటు! జమీందారు మనిషికి కాక రైతుల తరఫున నిలబడినవాడికి ఓటు వేయాలనుకున్న రైతు పడే కష్టాలు.

అప్పట్లో ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో వుండాలి. ఆ కొద్దిమంది ఓటుకే జమీందార్లు అంత కంగారు పడ్డారంటే చూడండి. సినిమాను గట్టిగా ఎదిరించారు. కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధించారు కూడా. తరవాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీ కింద వుండేవి. అటు నిడుబ్రోలులో రంగా గారు 1930లలోనే రైతులకు రాజకీయ పాఠాలు చెబుతున్నారు. అంటే, ఆ సినిమా చూపించిన తగాదా తెరమీద కల్పన కాదు, పొలం గట్టుమీద నడుస్తున్నదే.

ఇందులో ఇంకో విడ్డూరముంది. జమీందార్లను ఎండగట్టిన ఈ సినిమాకు పెట్టుబడి పెట్టిన సారథి సంస్థ వెనక వున్నది చల్లపల్లి రాజావారు, అంటే ఒక జమీందారే! అందువల్ల ఆ సినిమాలో చెప్పిన మాట అబద్ధమైపోయిందా? కాలేదు. కాని "ఈ మాట ఎవరి డబ్బుతో నా చెవిదాకా వచ్చింది?" అని అడగడం మాత్రం తప్పుకాదు. అడిగిన తరవాత కూడా మాటలో సత్తా వుంటే అది నిలుస్తుంది. నా దృష్టిలో 'రైతుబిడ్డ' నిలిచింది. అడ్డుకున్నవాళ్ళే నిలవలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికే, 1948లో చేసిన చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలే రద్దయ్యాయి.

తరవాత బుర్రకథ సంగతి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారి పేరు వినని ఇల్లు మన వైపు వుండదు. ఆయనది దూదేకుల కుటుంబం. తన జీవితకథ చెప్పి రాయించుకుని దానికి 'పింజారి' అని పేరు పెట్టుకున్నారు. పత్తిని ఏకి పింజ చేసేవాడని అర్థం. పత్తి పండే సీమలో పుట్టిన కళాకారుడికి అంతకన్నా తగిన పేరుందా?

బుర్రకథలో ముగ్గురుంటారు కదా. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంతను ఏమంటారు? "రాజకీయం" అంటారు! కథ బొబ్బిలిది కావచ్చు, పలనాటిది కావచ్చు. మధ్యలో ఆ రాజకీయపు వంత అందుకుని ఈనాటి బియ్యం ధరా, లంచగొండి ఉద్యోగీ, కరువూ అన్నీ ఎత్తుతాడు. అంటే వినోదంలో రాజకీయం ఎవరో బయటనుంచి తెచ్చి కలిపింది కాదు. మనవాళ్ళు దానికి పీట వేసి పక్కన కూర్చోబెట్టారు. ఎవరు ఏ వేషమో అందరికీ తెలుసు. హాస్యం చెప్పేవాడు హాస్యమే చెబుతాడు, రాజకీయం చెప్పేవాడు రాజకీయమే చెబుతాడు. ఇంతకన్నా నిజాయితీ అయిన ఏర్పాటు నాకు ఏ పత్రికలోనూ కనబడలేదు సుమా!

1940లలో కమ్యూనిస్టులు, ప్రజానాట్యమండలి ఈ కళను వూరూరా తిప్పారు. మోటూరు ఉదయం గారు నడిపిన స్త్రీల బుర్రకథ దళం కూడా ఆ రోజుల్లోదే. కాలికి గజ్జె కట్టి, నలుగురి ముందూ నిలబడి, తంబురా మీటి రాజకీయం చెప్పిన ఆడవాళ్ళంటే ఆనాడు ఎంత గుండె దిటవు వుండాలో మీరే ఊహించుకోండి. దొరతనం వారికి ఇది గిట్టలేదు. మద్రాసు ప్రభుత్వం బుర్రకథల మీదా, సుంకర, వాసిరెడ్డి గార్లు రాసిన 'మా భూమి' నాటకం మీదా నిషేధం పెట్టింది. తరవాత కొన్నేళ్ళకు ఏం జరిగింది? అదే తంబురా, అదే గుమ్మెట, అదే తందానతాన, ప్రభుత్వమే పిలిచి కుటుంబనియంత్రణ గురించి, పొదుపు గురించి చెప్పించింది. రేడియోలో బుర్రకథ వినిపించింది. 1986లో నాజర్ గారికి పద్మశ్రీ ఇచ్చింది. కళ మారలేదు, పిలిచినవాళ్ళు మారారు. ఒకనాడు ప్రమాదమన్న గొంతే మరొకనాడు ప్రయోజనమైతే, ఆ మొదటి నిషేధం జనం మేలు కోసం పెట్టింది కాదని తేలిపోయినట్టే కదా!

ఇప్పుడు పత్రికల న్యాయం గురించి చెప్పాలి. దీనికి 1955 ఎన్నికలకన్నా మంచి ఉదాహరణ మన చరిత్రలో లేదు. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్రరాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు, హైకోర్టు మన గుంటూరు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ఆయన పేరే ఈనాడు జిల్లాకు పెట్టుకున్నాం. ఆ ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి పడిపోయింది. ఎందుకో తెలుసా? మద్యనిషేధం మీద. నిషేధం అమలు తీరు చూడమని వేసిన రామమూర్తి సంఘం, నిషేధం ఎత్తేయమంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల ఇబ్బందులూ, పోలీసుల దౌర్జన్యాలూ అన్నీ కలిసి, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం కూలింది. సారా కల్లు మూలంగా సంసారాలు చితికేది ఆడవాళ్ళవి. కాని ఆ లెక్కింపులో మన మాట ఎంత వినబడిందో చెప్పాలంటే నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది.

1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. ఒక పక్క కమ్యూనిస్టులు. ఇంకో పక్క కాంగ్రెసు, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి వర్గం అన్నీ కలిసిన ఐక్య సంఘటన. పెద్ద దినపత్రికలు 'ఆంధ్రప్రభ', 'ఆంధ్రపత్రిక' కమ్యూనిస్టులకు ఎదురు నిలిచాయి. 'ఆంధ్రప్రభ' సంపాదకులు నార్ల వెంకటేశ్వరరావు గారి కలం ఎంత పదునో మన పెద్దవాళ్ళకు తెలుసు. కమ్యూనిస్టులకు విజయవాడ నుంచి వచ్చే 'విశాలాంధ్ర' వుంది. ఆట పాటల బలం వుంది. శ్రీశ్రీ వంటి కవి వాళ్ళ తరఫున వూళ్ళు తిరిగారు. సరిగ్గా ఆ సమయంలో రష్యాలోని 'ప్రావ్దా' పత్రిక నెహ్రూ గారి విధానాన్ని మెచ్చుకుంటూ రాస్తే, దాన్నే కాంగ్రెసువారు అచ్చువేసి పంచారు. ఎక్కడి మాస్కో, ఎక్కడి మన పల్లెలు! ఒక పత్రికలో నాలుగు మాటలు సముద్రాలు దాటి వచ్చి మన వూరి అరుగుమీద ఓటడిగాయి.

ఫలితాలు చూడండి. మొత్తం 196 స్థానాలు. ఐక్య సంఘటనకు 146. కమ్యూనిస్టులకు 15. అంతకుముందు 1952లో వారికి ఆంధ్ర ప్రాంతంలో 41 వుండేవి. తుడిచిపెట్టుకు పోయారని అందరూ అన్నారు. కాని ఓట్ల లెక్క వేరే వుంది. వారికి నూటికి 31 ఓట్ల పైనే పడ్డాయి. 1952లో పడ్డవాటికన్నా ఇవి ఎక్కువ! ఎదుటివాళ్ళు అందరూ ఏకమై ఒక్కొక్కచోట ఒక్కొక్కరినే నిలబెట్టారు గనక, ఓట్లు పెరిగినా స్థానాలు తరిగాయి. స్థానాల లెక్క అబద్ధం కాదు, ఓట్ల లెక్కా అబద్ధం కాదు. ఒకటే చెప్పి రెండోది దాస్తే మాత్రం అది అరసత్యం. ఈ రోజుకూ నేను ఎన్నికల వార్త వింటే స్థానాలెన్ని అని ఒకమాటా, ఓట్లెన్ని అని ఒకమాటా అడుగుతాను. మీరూ అడగండి. ఆ రెండు ప్రశ్నలూ తెలిసిన మనిషిని ఎవరూ తేలికగా మాయ చేయలేరు.

మరి ఆ పత్రికలు చేసింది అన్యాయమా? నా అభిప్రాయం ఇది. పత్రికకు ఒక పక్షం వుండడం తప్పుకాదు. సంపాదకుడు తన పేరు పెట్టుకుని, ఇదీ నా మతం అని చెప్పి వాదిస్తే అది న్యాయమైన పోరాటమే. 'విశాలాంధ్ర' మాత్రం పక్షం లేని పత్రికా? రెండూ తమ రంగు చెప్పుకున్నాయి. తప్పు ఎక్కడంటే, అభిప్రాయాన్ని వార్త అని అమ్మినప్పుడు. ఎదుటివాడు సభ పెడితే పది మందే వచ్చారని, తనవాడు సభ పెడితే పదివేలని రాసినప్పుడు. సంపాదకీయంలో ఎంత కోపమైనా చూపించవచ్చు, జనాన్ని లెక్కపెట్టేచోట కోపం పనికిరాదు.

రేడియో సంగతి ఇంకో రకం. 1948 డిసెంబరు ఒకటిన విజయవాడ కేంద్రం మొదలైంది. పంచాయతీ రేడియో చావడి దగ్గర మోగితే అరుగులమీద ఆడవాళ్ళు కూడా వినేవారు. ట్రాన్సిస్టరు వచ్చాక అది వంటింట్లోకి వచ్చింది. కాని రేడియో ప్రభుత్వానిది. అందులో ఏది వినాలో ఢిల్లీ నిర్ణయించేది. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రి అయ్యారు. సినిమా పాటలు జనం రుచిని పాడుచేస్తున్నాయని వాటికిచ్చే సమయం బాగా కోసేశారు. దానివల్ల ఒక మేలు జరగకపోలేదు. సంగీత విద్వాంసులకు ఆదరణ వచ్చింది, లలితగీతాలు పుట్టాయి. కాని జనం ఏం చేశారు? ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు! మీనాక్షి పొన్నుదురై అనే ఆవిడ సముద్రం అవతలనుంచి ముచ్చటగా తెలుగులో మాట్లాడుతూ మన సినిమా పాటలు మనకే వినిపించారు. చివరికి 1957లో ప్రభుత్వమే వివిధభారతి పెట్టక తప్పలేదు.

ఇందులో నీతి చిన్నదే. మంచి కూర వండి వడ్డించు, తప్పకుండా తింటాం. అంతేగాని, నీకు ఇదే మంచిదని పక్కింటి తలుపు మూయిస్తే కిటికీలోంచి వెళ్ళి తింటాం. జనం రుచిని పెంచేది పోటీ, పెంచలేనిది కత్తెర.

ఇక మన ఒంగోలు సంగతి వినండి. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు కాంగ్రెసు తరఫున గెలిచినవారు కొంగర జగ్గయ్య గారు. అంతకుముందు 1962లో అదే స్థానంలో కమ్యూనిస్టు గెలిచారు. జగ్గయ్య గారిది తెనాలి దగ్గర మోరంపూడి. గుంటూరు ఏ.సీ. కాలేజీలో రామారావు గారితో కలిసి నాటకాలు వేశారు. పత్రికల్లో పనిచేశారు. ఢిల్లీ నుంచి రేడియోలో తెలుగు వార్తలు చదివారు. ఆ తరవాత సినిమా నటుడు. అంటే, పత్రికా, రేడియో, సినిమా మూడూ చూసి, నాలుగోది పార్లమెంటు చూసిన మనిషి. సినిమా నటుడు లోక్‌సభకు ఎన్నికవడం దేశంలోనే అది మొదటిసారి. అదే ఏడాది మద్రాసులో ఎం.జి.ఆర్. గారు తుపాకీ గుండు దెబ్బ తిని ఆస్పత్రిలో వుండి శాసనసభకు గెలిచారు.

తెరమీద మంచివాడు గనక ఓటు వేశారా, నిజంగా మంచివాడు గనక వేశారా? ఈ ప్రశ్న అప్పుడే పుట్టింది. జగ్గయ్య గారి విషయంలో నేను జనాన్ని తప్పుపట్టను. ఆయన చాలా ఏళ్ళుగా రాజకీయాల్లో తిరిగినవారు, చదువుకున్నవారు, రవీంద్రుని 'గీతాంజలి'ని తెలుగు చేసినవారు. నటుడు రాజకీయాలకు పనికిరాడనడం, వకీలే పనికివస్తాడనడం రెండూ ఒకలాంటి మూర్ఖత్వమే. వేషం తీసేసిన తరవాత మనిషి ఏమిటన్నదే చూడాలి.

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలకు సెన్సారు. జూన్ 28న 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' సంపాదకీయం వుండవలసినచోట తెల్ల కాగితం వదిలింది. ప్రభుత్వ సభలో పాడనన్నందుకు కిశోర్‌కుమార్ పాటలు రేడియోలో వినబడకుండా చేశారు. 1977 ఫిబ్రవరిలో ఢిల్లీలో జయప్రకాశ్ నారాయణ్ గారి సభ వుందని తెలిసి, జనం ఇళ్ళు కదలకుండా వుండాలని టెలివిజన్‌లో 'బాబీ' సినిమా వేశారు. అయినా జనం సభకే వెళ్ళారు. పసిపిల్ల ఏడుస్తుంటే చేతికి బొమ్మ ఇస్తాం చూడండి, ప్రజలను కూడా అలా అనుకున్నారన్నమాట.

ఆ ఏడే రాజకీయ పార్టీలకు రేడియోలో మాట్లాడే అవకాశం మొదటిసారి ఇచ్చారు. అన్ని పక్షాల గొంతూ ఒకే పెట్టెలోంచి వినడమంటే ఆడవాళ్ళకు ఎంత మేలో చెప్పలేను. సభలకు వెళ్ళలేని వాళ్ళం మనమే కదా.

ఆ తరవాతది మీలో చాలామందికి గుర్తున్నదే. 1982 మార్చి 29న రామారావు గారు తెలుగుదేశం పెట్టారు. ఏ.సీ. కాలేజీ విద్యార్థి, కొద్దివారాలు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం చేసి వదిలేసినవారు, చైతన్యరథం ఎక్కి వూళ్ళన్నీ తిరిగారు. 'ఈనాడు' పత్రిక ఆయన ప్రచారానికి కొండంత అండ ఇచ్చింది. 1983 జనవరిలో ఇన్నూరుకు పైగా స్థానాలతో గెలిచారు. అటు తెనాలి దగ్గర బుర్రిపాలెం వాస్తవ్యులు కృష్ణ గారు కొన్నాళ్ళకు కాంగ్రెసు పక్షం చేరారు. 1987లో 'మండలాధీశుడు' వంటి సినిమాలు ముఖ్యమంత్రినే వెక్కిరిస్తూ వచ్చాయి. కృష్ణ గారి సినిమాలూ అదే దారి పట్టాయి. 1989లో ఆయన ఏలూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. హాలులో ఒకరికి ఈలలు, ఒకరికి తిట్లు. ఇళ్ళల్లో అన్నదమ్ములు సినిమా పేరు చెప్పి మాట్లాడుకోవడం మానేసిన రోజులవి.

అధికారంలో వున్నవాణ్ణి వెక్కిరించే సినిమా రావడం నాకు సంతోషమే. ఆ మాత్రం స్వేచ్ఛ లేకపోతే ఎలా? కాని సరిగ్గా ఆ రోజుల్లోనే మన పొలాల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పత్తి మీద పురుగుకు పైరిత్రాయిడ్ మందులు మోతాదు మించి కొట్టారు. మేలుచేసే పురుగులు చచ్చి తెల్లదోమ పెచ్చుపెరిగింది. 1987-88లో పంటపోయి, అప్పు తీర్చే దారిలేక మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగుకని కొన్న మందే తాగిన వాళ్ళున్నారు. పసుపు కుంకుమలు పోయి, అప్పు పత్రాలు చేతికి వచ్చిన ఆడవాళ్ళు మన పక్క వూళ్ళవాళ్ళే. ఆ అప్పులో వాళ్ళ సంతకం లేదు, కాని తీర్చవలసిన భారం వాళ్ళది.

అదీ అసలు ప్రశ్న. పత్రిక న్యాయంగా వుందా అంటే, రెండు పార్టీలకూ సమానంగా చోటిచ్చిందా అని మాత్రమే చూస్తే చాలదు. ఇద్దరు నటుల తగాదాకు ఎన్ని అంగుళాలు ఇచ్చింది, తెల్లదోమకు ఎన్ని అంగుళాలు ఇచ్చింది అని కూడా చూడాలి. వూరి గోడమీద పురుగుమందు ప్రకటన, సినిమాహాలులో ఆట మొదలయ్యే ముందు పురుగుమందు స్లయిడు. డబ్బు తీసుకుని "కొట్టండి" అని చెప్పేవాళ్ళు పదిమంది. "ఆగండి, ఎక్కువైంది" అని చెప్పడానికి డబ్బిచ్చేదెవరు? వినోదానికీ, వార్తకూ, ప్రకటనకూ మధ్య గట్టు తెగిపోతే నీళ్ళు ఎవరి పొలం ముంచుతాయో 1988లో చూశాం.

ఇంకొక్క సంగతి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పాటలతో, ఆటలతో కళాజాతాలు పల్లెలకు వచ్చాయి. మనకు పొరుగునే వున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి స్త్రీలు, వాచకంలో సారా మూలాన చితికిన సంసారం పాఠం చదివారు. ఇది మన కథే అనుకున్నారు. 1992లో సారా దుకాణం మూయించారు. పత్రికలు ఆ కబురు అందుకుని రాష్ట్రమంతా చేశాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళ తరవాత, 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారన్నది కూడా నిజమే. అయినా 1954తో పోల్చి చూడండి. ఆనాడు మద్యం మీద ప్రభుత్వం పడిపోతే మనకు తెలిసేసరికి తెల్లారింది. ఈసారి మద్యం మీద ప్రభుత్వాల చేత మాట చెప్పించింది మనం. నడుమ వచ్చిన తేడా యేమిటి? ఒక పాట, ఒక పాఠం, దాన్ని దాచకుండా చెప్పిన పత్రిక. ఈ మూడూ ఒక్క దారిలో నడిచినప్పుడు ఆడదాని మాట శాసనసభదాకా వెళ్ళింది.

ఈనాడు పత్రికా, రేడియో, సినిమా, వీధినాటకం అన్నీ చేతిలో ఫోనులోకే వచ్చాయి. పార్టీకొక చానలు అన్నట్టుంది. ఒకే సభ ఒకదాంట్లో జనసముద్రం, ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు. దీన్ని చూసి "అందరూ దొంగలే" అని కట్టేసేవాళ్ళున్నారు. నేను అలా అనను. అందరూ దొంగలనుకుంటే దొంగకే లాభం.

మనకు చేతనయిన పని ఒకటుంది. మిరపకాయలు కళ్లంలో ఎండిన తరవాత తాలు ఏరేది ఎవరు? మనమే. ఎర్రకాయ ఒక పక్క, తెల్లబారిన తాలుకాయ ఒక పక్క. చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. తేమ వుంటే బరువు ఎక్కువ తూగుతుంది, అది నిజమైన బరువు కాదని తెలుసు. పైకి ఎర్రగా కనబడేట్టు తాలు అడుగున దాచిన టిక్కీ యార్డులో ఎంత అల్లరి తెస్తుందో తెలుసు. వార్తను కూడా అలాగే ఏరుదాం. చెప్పినవాడు తన రంగు దాచుకోకుండా చెప్పాడా? ఎదుటివాడి మాట ఒక్కటైనా వినిపించాడా? అందులో మన పొలం, మన పొయ్యి, మన పిల్లల సంగతి ఎంత వుంది? ఈ మూడూ చూస్తే తాలు ఏదో తేలిపోతుంది.

సినిమా చూడండి, పాట పాడుకోండి, నచ్చిన నటుణ్ణి మెచ్చుకోండి. దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. ఇంటికి వచ్చిన పత్రికను మగవాళ్ళు చదివి మడిచిన తరవాత మీరు మళ్ళీ విప్పండి. వాళ్ళు చెప్పని ముక్క అందులో ఏదో వుంటుంది. ఓటు వేసే గదిలోకి మాత్రం నటుడూ రాడు, సంపాదకుడూ రాడు, ఇంటాయనా రాడు. అక్కడ నిలబడేది పేరున్న మనిషి. ఆ పేరు "ఫలానావారి భార్య" కాదు, మీ సొంత పేరు.

సెలవు.